పిల్లలకోడి రాజ్యానికి పాగా

నేను రాసిన మొదటి నవలను వాన కోసం చదివించారు. ఈ మాట చెబితే ఇప్పటి కుర్ర రచయితలు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళ నవలలను ఎండ కోసమైనా ఎవరూ చదివించిన పాపాన పోలేదు.

రష్యావాళ్ళు ఆకాశంలోకి ఇనుప గోళాన్ని ఎగరేసిన మరుసటి యేడు అది. అప్పటికి ఏడాది ముందే కడపలో టీచరు ట్రైనింగు ముగించుకుని, ఓర్వకల్లు దగ్గర గుట్టల నడుమ ఉన్న ఒక చిన్న ఊరికి పంతులమ్మగా వచ్చాను. బడి అంటే ఒక్క గది, ముందు ఒక వసారా. టీచరు అంటే నేనొక్కదాన్నే. ఊరిపెద్ద తన మిద్దె పక్కనున్న చిన్న కొట్టం ఖాళీ చేయించి నన్ను అందులో ఉండమన్నాడు. బాడిగ ఎంతని అడిగితే వాళ్ళమ్మ నా మీద కోప్పడింది. "సాయంత్రమైతే నా పక్కన కూచోని నాలుగు మాటలు చెప్పు పాపా, సాలు" అంది. ఆ అవ్వకు ఊళ్ళో తెలియని సంగతి లేదు, ఊరి బయట తెలిసిన సంగతి ఒక్కటీ లేదు. రెండో రకం సంగతులు చెప్పే పని నాకు పడింది.

నాలుగు మాటలేం ఖర్మ, నా దగ్గర ఒక నవలే ఉంది. దాని పుట్టుక చెప్పాలంటే మా నాయన దగ్గరికి పోవాలి. చిన్నప్పుడు కడపలో ఎండాకాలమంతా మిద్దె మీదే పడకలు. ఎండలు ముగిసే రోజుల్లో తెల్లవారుజామున చలికి మెలకువ వస్తే, తూర్పున పిల్లలకోడి కనిపించేది. చిన్న చిన్న చుక్కలు ఒకచోట గుంపుగా, తల్లికోడి చుట్టూ పిల్లల్లాగా ఉంటాయని దానికి ఆ పేరు. మా నాయన వేలు చూపించి లెక్కపెట్టి, ఇంకో పిల్ల ఉండాల, అది తప్పిపోయింది అనేవాడు. యాడికి పోయింది నాయనా అంటే జవాబు చెప్పకుండానే మళ్ళీ గురక పెట్టేవాడు. ఆయన చెప్పని జవాబునే పెద్దయ్యాక నేను రాసుకున్నాను.

నా కథలో పిల్లలకోడి ఒక రాజ్యం. దాని చుక్కల మధ్య ఓడలు తిరుగుతుంటాయి. గద్ద మండలం నుంచి ఇనుప గద్దల మీద శత్రువులు వచ్చి రాజును చంపి సింహాసనం ఆక్రమిస్తారు. రాజు బిడ్డలిద్దరు, అక్కా తమ్ముడు, ఒక చిన్న ఓడలో పారిపోయి దారి తప్పి మన భూమి మీద, మన సీమలోనే పడతారు. బండలు కొట్టుకుని బతికే ఒక ముసలాయన వాళ్ళను పెంచుతాడు. తామెవరో వాళ్ళకు తెలియదు. అదే గుట్ట మీద, మనుషులు పుట్టకముందే నక్షత్రాలవాళ్ళు వచ్చి దాచిపెట్టిపోయిన రాతిపెట్టె ఒకటి ఉంటుంది. రాజ్యాన్ని గెలిచే ఆయుధాలు అందులో ఉన్నాయి. అసలైన వారసుల చెయ్యి పడితేనే అది తెరుచుకుంటుంది.

ఆ రాతిపెట్టె కోసం నేను పెద్దగా ఊహించాల్సిన పని లేకపోయింది. నేను బడి చెప్పే ఊరి గుట్ట మీదే రాకాసి గుళ్ళు ఉండేవి. నాలుగు పక్కలా నాలుగు బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ మూతలాగా వేసిన రాతి గదులు. ఒక బండకు గుండ్రటి కంత, మనిషి దూరేంత. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో ఎవరికీ తెలియదు. రాకాసులు కాపురం చేసినారని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆదివారం పూట నేను ఆడికిపోయి ఆ కంతలో తల పెట్టి కూర్చునేదాన్ని. ఒక గుడికి మాత్రం పక్క బండ ఒకటి లేదు. మూత ఒకవైపు ఒరిగిపోయి ఉండేది. చూస్తే జాలేసేది.

ఎండాకాలం సెలవులకు కడపకు పోయినప్పుడు నవలను ఒక ప్రెస్సు యజమానికి చూపించాను. ఆయన పెళ్ళిపత్రికలు, భజన పాటలు, దొంగల కథల చిన్న పుస్తకాలు అచ్చేసేవాడు. చెడ్డవాడు కాదు. మొదటి నుంచి చివరిదాకా చదివే మాట్లాడాడు.

"కథ నడుస్తాదమ్మా, నేను కాదనను. గానీ మనోళ్ళు ఎవురు వింటారు దీన్ని? చుక్కల్లో రాజ్యాలంట, ఇనుప గద్దలంట. పట్నాల్లో అయితే ఏమో. ఇంకోటి. తమ్ముడు ఉండాడు గదా, వాన్ని రాజును చెయ్. అక్కను సింహాసనమెక్కిస్తే ఎట్ల? ఆడపిల్ల వారసురాలు అంటే మన సీమలో ఒప్పుతారా?"

నాకు ముక్కు మీద కోపం. "మీరు అచ్చేసే పెళ్ళిపత్రికల్లో ఆడపిల్ల పేరు ఉంటాది గదా, దాన్ని గూడా తీసేసి తమ్ముని పేరు ఎయ్యండి" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. నాకు నిమ్మకాయ సోడా తెప్పించాడు. "ఊరికే మండిపడతాండావు. సరే, ఒక మాట. మన పల్లెల్లో నాలుగు ఇండ్లోళ్ళు కూచోని నీ కథను కడాదాకా వింటే, వచ్చి చెప్పు. ఆ పొద్దే అచ్చుకిస్తా" అన్నాడు.

సోడా తాగలేదు. కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి, ఓర్వకల్లు దాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆయన మాటల్లో నన్ను కాల్చింది తమ్ముడి సంగతి కాదు. ఎవురు వింటారు అన్న మాట. ఎందుకంటే ఆ అనుమానం నాకూ ఉండేది.

బడి తెరిచారు. మృగశిర కార్తె వచ్చింది, పోయింది, చినుకు లేదు. ఆరుద్ర కూడా సగం గడిచింది. దున్నిపెట్టిన ఎర్రచేలు ఎండకు పొడిపొడి అయి గాలికి లేచి మా బడి గదిలోకి వచ్చేవి. ఊళ్ళో కప్పను చేటకు కట్టి ఇల్లిల్లూ తిప్పి నీళ్ళు పోయించారు. వాన రాలేదు. ఇక చివరి మందు పురాణం చదివించడం.

ఆ ఆనవాయితీ అందరికీ తెలియకపోవచ్చు, చెబుతాను. రాజ్యం పోగొట్టుకుని, ఆయుధాలు దాచుకుని అడవుల పాలైన రాజుల కథను ఊరి నడుమ, దీపాలు పెట్టే వేళ నుంచి వరుసగా చదివిస్తారు. చదివే ఆయన పీట మీద కూర్చుంటాడు. ముందర దీపం. ఒకసారి పీట వేసి దీపం పెట్టాక, వాన అయినా రావాలి, కథలో పట్టాభిషేకం అయినా కావాలి. రెండింట్లో ఒకటి జరిగేదాకా ఏ సాయంత్రమూ పీట ఖాళీగా ఉండకూడదు. రాజులను అడవిలో వదిలేసి చదువు ఆపితే వాళ్ళ ఉసురు ఊరికి తగులుతుందని నమ్మకం. పట్టాభిషేకం నాడు చదివినాయనే రాజు. ఆయన నెత్తికి ఊరిపెద్ద చేత్తో పాగా చుట్టి సాగనంపుతారు.

పక్క ఊరి నుంచి పురాణమయ్య వచ్చాడు. రెండు సాయంత్రాలు బ్రహ్మాండంగా చదివాడు. మూడోనాటికి చలిజ్వరం. కొడుకు బండి కట్టుకొచ్చి ఆయన్ను ఎక్కించుకుపోయాడు. పుస్తకం వాళ్ళ ఇంట్లో పూజలో పెట్టేది కాబట్టి దాన్నీ పట్టుకుపోయాడు. పీట మిగిలింది, దీపం మిగిలింది.

ఆ మధ్యాహ్నం ఊరిపెద్ద బడి వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. భారీ మనిషి. నెత్తిమీద పాగా లేకుండా ఆయన్ను నేనెన్నడూ చూడలేదు. నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా తీస్తాడా అని నాకు అనుమానం.

"పంతులమ్మా, నీవు చదవల్ల ఈ పొద్దు" అన్నాడు.

"ఏం చదవల్ల పెద్దనాయనా? బడిలో ఒకటో తరగతి వాచకం తప్ప ఏముండాది?"

వెనకాలే అవ్వ వచ్చింది. "ఆ పాప దగ్గర కథ ఉండాదిలేరా. పిల్లలకోడి కథ. నాకు సగం చెప్పింది. శానా బాగుండాది."

అది పురాణం కాదనీ, నేను రాసిందనీ, అందులో దేవుళ్ళు లేరనీ, ఉన్నవి చుక్కలూ ఓడలూ ఇనుప గద్దలూ అనీ ఒక్క గుక్కలో చెప్పేశాను. పవిత్రమైన పీట మీద కూర్చుని నా సొంత పైత్యం చదివానని రేపు వాన రాకపోతే నా మీదికొస్తారు. ఆ భయం కూడా దాచుకోలేదు.

ఆయన ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూసినట్టు ఒక్కొక్కటే అడిగాడు.

"రాజ్యం పోగొట్టుకున్నోళ్ళు ఉండారా దాంట్లో?"

"ఉండారు."

"దాచిపెట్టిన ఆయుధాలు?"

"రాతిపెట్టెలో ఉండాయి."

"కడాకు రాజ్యం తిరిగొస్తాదా?"

"వస్తాది."

"ఇంకేం కావాల పురాణానికి?" అని పోతూ పోతూ, "గొంతు బాగ ఇప్పి చదువు, ఎనకోళ్ళకు ఇనపడల్ల" అని చెప్పాడు.

ఆ సాయంత్రం పీట మీద కూర్చున్నాను. ఎదురుగా ఊరంతా. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, పిల్లలు నా కాగితాల మీద పడేంత ముందర. ప్రెస్సాయన మాట చెవిలో గుయ్ మంటూనే ఉంది. దీపానికి దండం పెట్టి మొదలుపెట్టాను. ఊఁ కొట్టడానికి ఊరిపెద్దే కూర్చున్నాడు. కథ వినేచోట ఒకరు వాక్యానికొకసారి ఊఁ అంటుండాలి, లేకపోతే కథ దారి తప్పుతుందంటారు.

ఎవురు వింటారని ప్రెస్సాయన అన్నది దేన్ని గురించో ఆ పొద్దు నాకు అర్థం కాలేదు. పిల్లలకోడి అనగానే అందరూ ఇంటి కోడి సంగతి మాట్లాడినంత చనువుగా తలలూపారు. ఇనుప గద్దలు రాజ్యం మీదికి దిగే చోట, ఆడవాళ్ళంతా ఒక్కసారిగా చేతులెత్తి "ఉష్, ఉష్" అని అదిలించారు. వాకిట్లో కోడిపిల్లల మీదికి గద్ద వాలితే ఏం చేస్తారో అదే చేశారు. నేను చదవడం ఆపి, ఆ గద్దలు పోయేదాకా ఆగాల్సి వచ్చింది. ఓడ దేంతో నడుస్తుందని ఒకాయన అడిగాడు. వెలుతురుతో అన్నాను. ఎద్దులకు మేత ఖర్చు లేదన్నమాట అని ఆయన పక్కవాడితో అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

రెండో సాయంత్రం రాతిపెట్టె ఘట్టం వచ్చింది. అక్కా తమ్ముడూ గుట్టెక్కి పెట్టె మీద చెయ్యి వేస్తారు. అది పలకదు. పెంచిన ముసలాయన చెబుతాడు: దీని పక్క బండ ఒకటి ఎవరో ఎత్తుకుపోయారు, అది తిరిగి తన చోటికి చేరేదాకా ఈ తలుపు తెరుచుకోదు, పైనున్న ఆకాశమూ తెరుచుకోదు. ఈ వాక్యం చదివి ఊఁ కోసం చూశాను. ఊఁ రాలేదు. ఊరిపెద్ద నేల చూపులు చూస్తున్నాడు. నిద్ర వచ్చిందేమో అనుకుని ముందుకు చదివాను.

పొద్దున్నే అవ్వ కేకలకు లేచాను. వాకిలి దాటబోయి కాలు గాల్లో పెట్టిందట. "మెట్టు యాడికి పాయరా? ఇంటి మెట్టు ఎత్తుకుపోయే దొంగలు గూడా పుట్టినారా?" అని వీధి అదిరేలా అరుస్తోంది. ఇంటి ముందర నున్నటి పెద్ద బండ ఒకటి మెట్టుగా ఉండేది. ఏడాదిగా రోజూ నేను దాని మీదే కూర్చుని అవ్వతో మాట్లాడాను. ఆ చోట ఇప్పుడు గుంత ఉంది. అంతలో ఊరిపెద్ద ఖాళీ బండి తోలుకుంటూ గుట్ట వైపు నుంచి వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము, చేతులు గీరుకుపోయాయి. సాయానికి పోయిన ఇద్దరు మనుషులు మా వైపు చూడకుండా పక్కకు తప్పుకున్నారు.

బండి ఆపి నా దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి, "నన్ను జూసే రాసినావా పంతులమ్మా ఆ మాట?" అన్నాడు.

"లేదు పెద్దనాయనా. గుడికి బండ లేకుండటం చూసినా, రాసినా. అది మీ వాకిట్లో ఉండాదని నాకేం తెలుసు?"

"మా నాయన ఇల్లు కట్టినప్పుడు తెచ్చినాడు. మూత నిలబడేటట్లు పెట్టొచ్చినాలే" అన్నాడు. నా మాట నమ్మలేదని మొహంలోనే కనిపిస్తోంది. ఆ తర్వాత నన్ను చూస్తే కొంచెం భయపడేవాడు. అబద్ధం ఎందుకు, అది నాకు బాగానే ఉండేది.

మూడో సాయంత్రం దక్షిణం దిక్కు నల్లబడింది. గుట్ట మీద బండ తన చోటికి చేరినట్టే, నా కథలోనూ బండ దొరికి పెట్టె పలికే ఘట్టమే వచ్చింది. అక్క గుండ్రటి కంతలోంచి లోపలికి దూరుతుంది. తమ్ముడు బయట నిలబడి చూస్తుండగా కంత మూసుకుపోతుంది. లోపల చీకటి. అక్కడిదాకా చదివాను. చల్లటి గాలి ఒకటి వచ్చి దీపం ఆర్పేసింది. ఆ వెనకే వాన.

అది మామూలు వాన కాదు. మట్టివాసన గుప్పున లేచి ఊరంతా ఒక్కసారి లేచి నిలబడింది. ముసలివాళ్ళు కూడా అరచేతులు చాచి వీధిలోకి నడిచారు. అవ్వ తన చీర కొంగు విప్పి నా కాగితాలకు చుట్టి, తను మాత్రం తడుస్తూ నిలబడింది. ఆ వానలోనే గొడుగు కింద పీటకు హారతి ఇచ్చారు. ఊరిపెద్ద గట్టిగా చెప్పాడు: "వాన వచ్చె. చదువు ముగిసె. తెల్లారకముందే గొర్రు కట్టండప్పా, పదునారిపోతాది."

నేను సీమలో పుట్టిన దాన్ని, వాన చూసి సంతోషపడకుండా ఎట్లా ఉంటాను? నేనూ తడిశాను, నవ్వాను. కానీ కొట్టంలోకి వచ్చి తలుపు వేసుకున్నాక నవ్వు ఆగిపోయింది. వాన కోసం విన్నారు. వాన వచ్చింది, లేచిపోయారు. చేటకు కట్టి తిప్పిన కప్పను వాన వచ్చాక ఎవరు పలకరిస్తారు? నా నవలదీ అదే పని. చుక్కల రాజ్యపు వారసురాలు రాతిపెట్టెలో ఇరుక్కుని ఉంది, ఆమె సంగతి ఎవరికీ పట్టలేదు. నాలుగు ఇండ్లవాళ్ళు కడదాకా వింటే చెప్పమన్నాడు ప్రెస్సాయన. ఊరంతా విన్నది నిజమే, కడదాకా మాత్రం కాదు.

మరుసటి రోజు బడికి ఒక్క పిల్లకాయ రాలేదు. ఊళ్ళో మనిషన్నవాడు లేడు. అందరూ చేలల్లో ఉన్నారు. నేలలో తడి పదును ఆరేలోపు గొర్రుతో విత్తనం పడాలి. సాయంత్రం దాకా గొర్రు తోలేవాళ్ళ అరుపులు గుట్టల మీంచి వినపడుతూనే ఉన్నాయి. చీకటి పడేవేళ కాగితాల కట్టను ట్రంకుపెట్టె అడుగున పెట్టి, పైన చీరలు సర్దుతున్నాను. ఇక పిల్లలకు ఎక్కాలు చెప్పుకుని బతుకుదామని ఖాయం చేసుకున్నాను.

తలుపు తట్టారు. అవ్వ. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. ఆ వయసులో ఆమె కూడా కోడలి వెంట విత్తనాలు వేసి వచ్చింది.

"ఏం పాపా, ఇంకా దీపం పెట్టలేదు?"

"వాన వచ్చె గదా అవ్వా. చదువు ముగిసిందని పెద్దనాయన చెప్పె గదా."

"వాడు చెప్పినాడు. వాడెవుడు చెప్పేదానికి?" అంది. "ఆ పిల్ల రాతిపెట్టెలో ఇరుక్కోనుండాది. పొద్దంతా ఇత్తనం ఇడుస్తాండా గానీ చెయ్యాడలేదు నాకు. గాలాడతాందా, లేదా దానికి? ఏం తింటాది ఆడ?"

నేను జవాబు చెప్పే లోపల ఆమె వెనక చూశాను. ఊరి నడుమ ఇంకా బురదే, అందుకని ఎదురుగా ఉన్న బడి వసారాలో మనుషులు కూర్చుంటున్నారు. స్నానాలు చేసినవాళ్ళు లేరు. అన్నాలు తిన్నవాళ్ళు లేరు. విత్తనాల సంచి భుజం మీద నుంచి దించనివాళ్ళు కూడా ఉన్నారు. తెల్లవారుజామున లేచి పొద్దంతా ఎద్దుల వెంట నడిచిన మనుషులు. రేపు కూడా నడవాల్సినవాళ్ళు. వాళ్ళకు ఇక నా కథతో ఏ అవసరమూ లేదు. ఉత్తినే, కథ కోసమే వచ్చారు.

ట్రంకుపెట్టెలో చీరలు అటూ ఇటూ విసిరేసి కాగితాలు తీశాను. నా జీవితంలో తర్వాత సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. అవన్నీ కలిపినా ఆ మట్టికాళ్ళ వసారా ముందు దిగదుడుపే. దీపం వెలిగించి, ఆ పిల్ల ఇరుక్కున్న చోటి నుంచే అందుకున్నాను. అందరికంటే చివర ఊరిపెద్ద వచ్చాడు. వెనక నిలబడి, "ఊఁ ఎవురు కొడతాండారు?" అని అడిగి, ఎవరూ లేరని తెలుసుకుని ముందుకొచ్చి కూర్చున్నాడు.

ఆ పిల్లకు పెట్టెలో గాలి ఆడింది. ఆయుధాలు దొరికాయి. విత్తనాలు పడే రోజులన్నీ సాయంత్రాలు చదువు నడిచింది. పక్క పల్లెల నుంచి కూడా నడిచి వచ్చారు. గద్ద మండలం ఓడిపోయిన రోజు ఆడవాళ్ళు అదిలించడం మానేసి చప్పట్లు చరిచారు. చివరికి పట్టాభిషేకం వచ్చింది.

ఆ రోజు ఆవు పేడతో వసారా అలికి ముగ్గేశారు. బెల్లం పానకం కలిపారు. వానకని మొదలుపెట్టి విత్తనాలయ్యేదాకా చదివించామని నవ్వుకున్నారు. పీట మీద కూర్చుని, అక్క సింహాసనమెక్కి నక్షత్రాల కిరీటం పెట్టుకునే చివరి పేజీ చదివాను. చదివి తలెత్తాను. ఇప్పుడు ప్రెస్సాయన చెప్పిన రెండో మాట గుర్తొచ్చింది. ఆడపిల్ల వారసురాలంటే ఒప్పుతారా?

ఒకాయన అననే అన్నాడు. "మరి తమ్మునికేమిచ్చినావు పంతులమ్మా?"

"ఓడ ఇచ్చినా. చుక్కలన్నీ తిరిగొస్తాడు."

"వానికి అదే మేలు. కుదురుగా కూచునే రకం కాదు వాడు" అని ఆయనే తీర్మానించాడు. అంతటితో వారసత్వం గొడవ తీరిపోయింది.

ఊరిపెద్ద పళ్ళెం తెచ్చాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, మడత నలగని రవికగుడ్డ. మర్యాదకు ఎక్కడా లోటు లేదు. చదివింది ఆడమనిషి, ఆడమనిషికి ఇచ్చేది అదే. నేను చేతులు చాచాను.

"ఉండు" అంది అవ్వ. లేచి నిలబడింది. "రవికగుడ్డ ఏందిరా? పట్టాభిషేకం నాడు చదివినోళ్ళే రాజు గదా. గెలిచొచ్చి గద్దెనెక్కిన రాజుకు రవికగుడ్డ పెడతావా?"

ఆమె అడుగుతున్నది పాగా. పాగా అంటే మా వైపు ఊరికే తలగుడ్డ కాదు. తండ్రి పోయాక పెద్దకొడుకు నెత్తికి పదిమంది ముందర చుడతారు. ఇక ఇంటికి ఇతనే అని అర్థం. ఆడదాని నెత్తికి పాగా చుట్టడం ఆ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఎక్కడా ఎవరూ చూసి ఉండరు. పురాణమయ్య కోసం కొనిపెట్టిన పాగా ఆయనకే పంపేశారు కాబట్టి ఆ పూట కొత్తది కూడా లేదు.

ఊరిపెద్ద వాళ్ళమ్మ వైపు చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత పళ్ళెం కింద పెట్టి, రెండు చేతులూ ఎత్తి తన పాగా విప్పాడు. ఆ మనిషి బోడినెత్తి ఊరివాళ్ళు చూడటం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. చెమట వాసన, మట్టి వాసన కలిసిన ఆ పొడుగాటి గుడ్డను నా తల చుట్టూ, జడ మీంచి, వరస వరసగా చుట్టాడు. "బరువుగా ఉండాదా?" అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. ఉంది, శానా ఉంది. ఆ బరువు కిందికి దించాలని మాత్రం అనిపించలేదు. ఆడవాళ్ళు అక్షింతలు వేశారు. నేను బాహాటంగా, సిగ్గు లేకుండా ఏడ్చాను.

మర్నాడు పాగా తిరిగి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "చుట్టినాక మళ్ళా తీసుకుంటే రాజ్యం గుంజుకున్నట్లే" అన్నాడు. అప్పటికే ఇంకోటి చుట్టుకుని ఉన్నాడు.

దసరా సెలవులకు నేను కడపకు బయల్దేరితే ఆయనా వచ్చాడు. ఇంటి ముందర మెట్టు లేక అవ్వ రోజూ తిడుతోంది, కడప బండ అయితే తరాలు నిలుస్తుందని కొనడానికి వచ్చాడు. ముందు నాతో ప్రెస్సుకు వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే సాక్ష్యం చెప్పాడు. "వాన కోసం చదివిస్తిమప్పా. వాన వచ్చినాక గూడా ఊరంతా కూచోని వినింది. ఇత్తనాలేసే దినాల్లో. నేను ఊఁ కొట్టినా." ఇంటి మెట్టు సంగతి మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ప్రెస్సాయన ఆయన్ను ఎగాదిగా చూసి, నా కాగితాల కట్ట వైపు చూశాడు. దాన్ని ఊరిపెద్ద నాకు చుట్టిన పాగాలోనే మూటగట్టి తెచ్చాను.

"సరేమ్మా, ఓడిపోయినా. మాట మీద నిలబడతా" అన్నాడు. "వారసుని సంగతి ఏం చేసినావు? మార్చినావా?"

"మార్చినా" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "తమ్మున్ని పెట్టినావా?"

"లేదు. మునుపు అక్కకు కిరీటం పెట్టింటి. ఇప్పుడు పాగా చుట్టినా."

ఆయన మూట విప్పి, మొదటి పేజీ తీసి, లోపలికి తిరిగి అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరును కేకేశాడు.